క్రొత్తపాట, పాతచెవి

“ఈ కాలపు పాటలలో సంగీతమే లేదు” అను మాట నలుబది యేండ్లు దాటినవారి నోట మన యిండ్లలో తరచుగా వినబడుచుండును. ఇట్లు తీర్పు చెప్పువారిని, మీరు ఈ నడుమ విన్న క్రొత్త పాటలెన్ని, వానిని ఎన్ని మారులు వింటిరి అని యడిగినచో, పెక్కుమంది యుత్తరము చెప్పజాలరు. సాక్ష్యమును విచారింపక తీర్పు చెప్పుట న్యాయస్థానమునందెంత తప్పో, కళావిమర్శమునందును అంత తప్పే.

ఈ వైముఖ్యమునకు కారణము లేకపోలేదు. పదియేండ్ల ప్రాయము మొదలు ముప్పది లోపల విన్న పాటలే మనుష్యులకు మిక్కిలి గాఢముగా జ్ఞాపకముండునని మనశ్శాస్త్రజ్ఞులు కనుగొనిరి. పిమ్మట ఉద్యోగము, సంసారము, బిడ్డల చదువు మీదబడి, వినుట కేవలము పనుల నడుమ చెవిని బడుటగా మారును. చెవి యెరుగనిది మనస్సునకు రుచింపదు. పరిచయము పెరిగినకొలది ఇష్టమును పెరుగునని రాబర్ట్ జాయంట్స్ అను శాస్త్రజ్ఞుడు 1968లో ప్రయోగములతో చూపెను. కావున మొదటిసారి నచ్చకపోవుట పాట దోషమే యని నిశ్చయింపరాదు.

పాతదని మనము పూజించునది యెంత పాతదో కూడ విచారింపవలెను. అన్నమాచార్యుల (1408–1503) సంకీర్తనలు తిరుమల రాగిరేకులపై దొరకినవి. ఆ రేకులయందు సంకీర్తనలకు రాగముల పేర్లున్నవిగాని, పాడవలసిన స్వరములు లేవు. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు (1893–1979), నెడునూరి కృష్ణమూర్తిగారు (1927–2014) మున్నగు విద్వాంసులు ఇరువదవ శతాబ్దమున వానికి బాణీలు కట్టిరి. ‘నానాటి బ్రతుకు’ను నేడు రేవతి రాగమున విని కన్నులు చెమర్చువారు నెడునూరివారి రచననే వినుచున్నారు. సాహిత్యము పురాతనము, సంగీతము మన తల్లిదండ్రుల కాలపుది. అంతెందుకు, కర్ణాటక సంగీతసభలలో నేడు విడదీయరాని ఫిడేలు పాశ్చాత్యుల వాద్యము. దానిని పందొమ్మిదవ శతాబ్దమున మనవారు మన గమకములకు లోబరచుకొనిరి. నాటి పెద్దలు చెవులు మూసుకొనియుండినచో నేటి మన సంప్రదాయమేది?

క్రొత్తపాటలన్నియు మంచివని మా వాదము కాదు. వాద్యముల రొదలో మాట వినబడని పాటలు కలవు. ఒకదానికొకటి నకళ్లయిన బాణీలును కలవు. కాని తప్పు పట్టుటకైనను వినవలెను గదా!

ఈ విషయమున మన స్త్రీలకు జరిగిన యన్యాయము ప్రత్యేకముగా చెప్పదగినది. పెండ్లిచూపులనాడు పాడించుటకై కన్నెలకు సంగీతము చెప్పించి, పెండ్లియైన పిదప వీణను అటకమీది కెక్కించు ఆచారము పెక్కు కుటుంబములలో సాగినది. అట్టి గృహిణి యేబదవయేట “నాకిప్పుడు పాటలెందుకు?” అనినచో అది వైరాగ్యమని పొగడరాదు. ముప్పది యేండ్లు తీరిక యియ్యని యింటివారి యపరాధమది. దినమున కరగంట యామెను వంటయింటి పిలుపులనుండి విడిచిపెట్టుట వారి విధి.

నేడు చేతిలోని ఫోనునందే లక్షలకొలది పాటలు దొరకుచున్నవి. అయినను ఆ యంత్రము మనము మునుపు విన్నదానిని గమనించి, దానిని పోలినదానినే తరచుగా ముందు పెట్టుచుండును. పాతవి వినువానికి మరల పాతవే వచ్చును. కావున క్రొత్తత్రోవ చూపుటకు మనుష్యులే మేలు. ఇంటిలోని కుమారునో కుమార్తెనో “నీకు మిక్కిలి నచ్చిన పాట యేది? ఎందుచేత నచ్చినది?” అని యడుగుడు. దానిని వేరొక పని చేయక, వారమునందు నాలుగైదు మారులు వినుడు. పల్లవి యెట్లు మరల వచ్చుచున్నదో, తాళమెక్కడ మారుచున్నదో కనిపెట్టుడు. అప్పటికిని నచ్చకున్న నచ్చలేదని ధైర్యముగా చెప్పుడు. ఆ మాటకు విలువ యుండును.

బిడ్డలు మన పాటలు వినుటలేదని వగచు తల్లిదండ్రులు ముందుగా బిడ్డల పాటలు వినవలెను. వినువారి మాటయే వినబడును.