ధౌమ్యుని కొలువునీతి – సైరంధ్రి ఫిర్యాదు

విరాటపర్వం ప్రథమాశ్వాసంలో ధౌమ్యుడు పాండవులకు చేసిన సేవాధర్మోపదేశం తెలుగునాట ఉద్యోగనీతికి మారుపేరుగా స్థిరపడింది. మానవ వనరుల నిర్వహణను ప్రాచీన సాహిత్యంలో అన్వేషించే వ్యాసాలు, వ్యక్తిత్వ వికాస గ్రంథాలు తిక్కన పద్యాలను ఈ సందర్భంలో తరచుగా ఉదాహరిస్తాయి. ఉపదేశాన్ని కథ నుంచి విడదీసి చదవడం ఈ అన్వయాల్లోని ప్రధాన లోపం. ఆ నీతి ఎక్కడ పనికిరాకుండా పోతుందో ద్వితీయాశ్వాసంలోని కీచక వృత్తాంతం చూపుతుంది.

ధౌమ్యుని మాటల్లో లోకజ్ఞత ఉంది. కొలువులోని రహస్యం బయట పెట్టరాదు. రాజగృహాన్ని మించిన ఇల్లు కట్టరాదు. రాజు వద్ద ఉండే ఏనుగుతోనే కాదు, దోమతో కూడా వైరం వద్దు. ఎండకూ వానకూ ఓర్చి పని చేయాలి. ఇవన్నీ కొలిచేవాడు పాటించవలసినవి. కొలిపించుకొనేవాడి బాధ్యత ఈ ఉపదేశంలో ప్రస్తావనకు రాదు. అందుకు సభాపర్వం చూడాలి. అక్కడ నారదుడు ధర్మరాజును వరుసగా ప్రశ్నిస్తాడు. సేనకు జీతభత్యాలు సకాలంలో అందుతున్నాయా? నీ కోసం మరణించినవారి భార్యలను పోషిస్తున్నావా? నిర్దోషులైన ఉద్యోగులను కొలువు నుంచి తొలగించడం లేదు కదా? జీతం ఆలస్యమైతే భృత్యులు ప్రభువుపై అలుగుతారనీ, దానివల్ల మహానర్థం కలుగుతుందనీ వ్యాసభారతం స్పష్టంగానే చెబుతుంది. ప్రభువుగా నారదుని ప్రశ్నలు విన్న ధర్మరాజే భృత్యుడు కాబోతూ ధౌమ్యుని హితవు వింటాడు. మొదటిదాన్ని విడిచి రెండోదాన్ని మాత్రమే ఉద్యోగులకు బోధించడం నిర్వహణశాస్త్రం అనిపించుకోదు.

ద్రౌపది కొలువులో చేరిన తీరు గమనించదగినది. ఎంగిలి ముట్టననీ, కాళ్లు కడగననీ ఆమె నియమాలు ముందే చెబుతుంది, సుధేష్ణ అంగీకరిస్తుంది. కీచకుని ఇంటికి మద్యం కోసం వెళ్లమని ఆజ్ఞాపించేదీ ఆ సుధేష్ణే. వేరొకరిని పంపమని సైరంధ్రి చేసిన విన్నపం ఫలించదు. వేధింపునకు దారి తీసింది అధికారికంగా అప్పగించిన పని. ఆపై కీచకుడు నిండుసభలో ఆమెను తన్నినప్పుడు విరాటుడు కిమ్మనడు. తన పరోక్షంలో జరిగిన వివాదం తనకు తెలియదనీ, నిజం తెలియకుండా ఏమి చేయగలననీ వ్యాసభారతంలో అతడు అంటాడు. తన్నింది మాత్రం అతని కళ్లెదుటే. నిందితుడు సేనాపతి, రాణికి తమ్ముడు. రాజు వెనుకంజకు అసలు కారణం అది.

అజ్ఞాతవాస నియమం వల్లనే పాండవులు మౌనం వహించారని ఇక్కడ ఆక్షేపించవచ్చు. ధర్మరాజు, భీముల సంయమనానికి ఆ సమాధానం చాలుతుంది. విరాటునికి అలాంటి నియమం ఏదీ లేదు. న్యాయం చెప్పవలసిన సభ చెప్పలేదు కనుకనే పరిష్కారం రాత్రివేళ నర్తనశాలలో, భీముని చేతుల్లో జరుగుతుంది.

రాజసేవను నేటి ఉద్యోగ ఒప్పందంతో సమానం చేయడం కాలదోషమే. రాజాగ్రహానికి అప్పీలు లేదు. నేటి ఉద్యోగికి చట్టం ఉంది. 2013 నాటి లైంగిక వేధింపుల నివారణ చట్టం ప్రకారం పదిమంది, అంతకు మించి పనిచేసే చోట అంతర్గత ఫిర్యాదుల కమిటీ ఉండాలి. అధ్యక్షురాలు మహిళే కావాలి. బయటి సభ్యులు ఒకరుండాలి. సంస్థలోని పెద్దలు నిందితుని పక్షం వహించవచ్చుననే ఎరుక ఈ చివరి నిబంధనలో కనిపిస్తుంది. విరాటుని సభలో లేనిది ఆ బయటి మనిషే. కంకుభట్టుగా ఉన్న ధర్మరాజు కూడా ఆ సభలో కొలువు చేసేవాడే కదా!

కీచకవధ తరువాతి ఘట్టం అన్వయకర్తల దృష్టికి అంతగా రాలేదు. గంధర్వులకు భయపడిన విరాటుడు సైరంధ్రిని నగరం విడిచి పొమ్మని సుధేష్ణ చేత చెప్పిస్తాడు. కొలువు పోయేది ఫిర్యాదు చేసిన స్త్రీకే. ఆమె కోరింది పదమూడు రోజుల గడువు.