యాభై పాయింట్లవాడికి రెండో స్థానం

1961–62 ఎన్‌బీఏ సీజన్ ముగిసేసరికి ఒకే ప్రశ్నకు రెండు జవాబులు వచ్చాయి. లీగ్‌లో ఆడేవాళ్లు ఓట్లు వేసి బోస్టన్ సెల్టిక్స్ సెంటర్ బిల్ రసెల్‌ను ఆ ఏటి మేటి ఆటగాడిగా ఎన్నుకున్నారు. ఆట చూసి రాసే విలేకరులు కూర్చిన ఆల్ ఎన్‌బీఏ మొదటి జట్టులో మాత్రం సెంటర్ స్థానం ఫిలడెల్ఫియా వారియర్స్ ఆటగాడు విల్ట్ చాంబర్లీన్‌కు దక్కింది. రసెల్ రెండో జట్టులో ఉన్నాడు. లీగ్ మొత్తానికి మొదటివాడైన మనిషి తను ఆడే స్థానంలో రెండోవాడయ్యాడు.

ఒక సీజన్ ఆటగాళ్లను వరుసలో నిలబెట్టే పని మీద మమకారం ఉన్నవాళ్లు ఈ ఏడాదికి మళ్లీ మళ్లీ వస్తారు. ఆ పనిలోని చిక్కులన్నీ ఇక్కడ ఒకేచోట దొరుకుతాయి. జీవితకాలపు ఘనతను పక్కన పెట్టి, ఆ కొన్ని నెలల ఆటనే తూచాలి. అంకెలను నమ్మాలా, కళ్లను నమ్మాలా అన్నది తేల్చుకోవాలి. స్కోరు పుస్తకంలో గడి లేని పనికి విలువ కట్టాలి.

అంకెలతోనే మొదలుపెడితే విల్ట్‌కు ఎదురు లేదు. 80 మ్యాచ్‌ల్లో 4,029 పాయింట్లు, సగటున 50.4. ఆయన్ను మినహాయిస్తే ఒక సీజన్‌లో 3,100 పాయింట్లు దాటినవాళ్లే లేరు. మైకేల్ జోర్డాన్ అత్యధికం 3,041. మ్యాచ్‌కు 25.7 రీబౌండ్లు. మ్యాచ్ నిడివి 48 నిమిషాలైతే విల్ట్ సగటున ఆడింది 48.5 నిమిషాలు. ఓవర్‌టైమ్‌లు కలిశాయి కాబట్టి లెక్క అలా తేలింది. సీజన్ మొత్తం మీద ఆయన ఆటలో లేనిది ఎనిమిది నిమిషాలే.

1962 మార్చి 2న పెన్సిల్వేనియాలోని హెర్షీలో, 4,124 మంది ప్రేక్షకుల ముందు న్యూయార్క్ నిక్స్ మీద ఆయన 100 పాయింట్లు చేశాడు. ఆ సీజన్‌లో వందకు 61 ఫ్రీ త్రోలే వేయగలిగిన మనిషి ఆ రాత్రి 32కు 28 వేశాడు, అదీ రెండు చేతులతో కిందినుంచి విసిరి. చివరి నిమిషాల్లో నిక్స్ బంతి ఆయనకు చేరకుండా మిగతావాళ్లను ఫౌల్ చేశారు. బంతి తిరిగి దక్కించుకోవడానికి వారియర్స్ కూడా ఫౌళ్లకు దిగారు. ఆట కాస్త వంకరపోయిన మాట నిజమే, అయినా వంద వందే. సీజన్‌ను తూచేటప్పుడు మాత్రం అది ఎనభైలో ఒక రాత్రి.

ఆ అంకెల వెనకున్న కాలాన్ని కూడా చూడాలి. అప్పట్లో ఒక్కో జట్టు మ్యాచ్‌కు 107 సార్లకు పైగా బాస్కెట్ వైపు బంతి విసిరేది. ఇప్పుడు ఆ లెక్క 90 దగ్గర ఉంది. వందలో 43 కూడా పడేవి కావు కాబట్టి రీబౌండ్లు పుష్కలం. వాన బాగా కురిసిన ఏడు చెరువులన్నీ నిండినట్టు అందరి ఖాతాలూ నిండాయి. బాబ్ పెటిట్‌కు 18.7 రీబౌండ్లు, ఎల్జిన్ బేలర్‌కు 18.6, తొలి సీజన్ ఆడుతున్న వాల్ట్ బెల్లమీకి 19. అయితే అదే వానలో యాభై దాకా నిండినవాడు ఒక్కడే. అంచేత వేగం పేరు చెప్పి విల్ట్‌ను కిందికి దించడం అన్యాయం.

మరి రసెల్ మొదటివాడు ఎలా అవుతాడు? 18.9 పాయింట్లు, 23.6 రీబౌండ్లు: పుస్తకం ఇంతే చెబుతుంది. ఆయన అసలు పని ప్రత్యర్థి షాట్‌ను అడ్డుకోవడం. తట్టిన బంతిని గ్యాలరీలోకి కొట్టకుండా సొంత ఆటగాళ్ల చేతికి అందేలా మళ్లించడం, అక్కడినుంచే ఎదురుదాడి మొదలయ్యేలా చూడటం. ఎన్‌బీఏ బ్లాక్‌లను లెక్కపెట్టడం 1973–74లో మొదలుపెట్టింది. రసెల్ 1969లోనే ఆట మానేశాడు. అధికారిక లెక్కల్లో ఆయన పేరిట ఒక్క బ్లాక్ కూడా లేదు.

ఆ లెక్క ఉన్నది ఎదురుగా ఆడినవాళ్ల దగ్గరే. షాట్ వేయబోయి చెయ్యి వెనక్కి తీసుకున్న సందర్భాలు వాళ్లకే తెలుసు. పైగా సొంత జట్టువాడికి ఓటు వేయకూడదన్న నియమం ఉండేది. అంటే రసెల్‌ను గెలిపించినవాళ్లంతా ఆయన చేతిలో దెబ్బ తిన్నవాళ్లే. ఈ కాలమ్ వాళ్ల మాటనే పట్టుకుంటుంది. బోస్టన్ ఆ ఏడు 60 మ్యాచ్‌లు గెలిచింది, అంతకుముందు ఏ జట్టూ అన్ని గెలవలేదు. బాబ్ కూసీ, సామ్ జోన్స్ లాంటి సహచరులు ఉన్న సంగతి మరువరాదు. తూర్పు విభాగం ఫైనల్లో బోస్టన్ ఏడో మ్యాచ్‌లో విల్ట్ జట్టును ఓడించింది కూడా 109–107తోనే. తేడా అంత సన్నం. కానీ ఆ తర్వాత లాస్ ఏంజెలెస్ లేకర్స్‌తో ఫైనల్స్ ఏడో మ్యాచ్ ఓవర్‌టైమ్‌కు వెళితే, రసెల్ 30 పాయింట్లు, 40 రీబౌండ్లతో జట్టును 110–107తో గట్టెక్కించాడు. ప్లేఆఫ్స్‌నూ సీజన్‌లో భాగంగా చూసేవాళ్లకు ఆ రాత్రి చాలు.

మూడో స్థానం ఆస్కార్ రాబర్ట్‌సన్‌ది. సిన్సినాటి రాయల్స్ గార్డ్. 30.8 పాయింట్లు, 12.5 రీబౌండ్లు, 11.4 అసిస్టులు. మూడింటిలోనూ సీజన్ సగటు పది దాటడం లీగ్‌లో అదే మొదటిసారి. రెండోసారి చూడటానికి 2016–17లో రసెల్ వెస్ట్‌బ్రూక్ దాకా ఆగాల్సి వచ్చింది.

అన్నిటికన్నా ఎక్కువ ఆలోచన పెట్టించేది బేలర్. సైన్యపు రిజర్వు విధులకు పిలుపు రావడంతో ఆయన ఆడగలిగింది 48 మ్యాచ్‌లే. వారాంతాల్లో సెలవు దొరికితే వచ్చి ఆడి తిరిగి వెళ్లేవాడు. జట్టుతో సాధన చేసే వీలు లేకుండా, ప్రయాణపు బడలికతో కోర్టులో దిగి సగటున 38.3 పాయింట్లు చేశాడు. ఫైనల్స్ ఐదో మ్యాచ్‌లో, బోస్టన్ గార్డెన్‌లో, అదీ రసెల్ కాపలా ఉన్న బాస్కెట్ మీద 61 పాయింట్లు కొట్టాడు. ఫైనల్స్‌లో ఆ రికార్డు ఇప్పటికీ చెక్కుచెదరలేదు. 2023–24 నుంచి పెద్ద అవార్డులకు కనీసం 65 మ్యాచ్‌లు ఆడాలన్న నిబంధన ఉంది. ఆ కొలత అప్పుడే ఉంటే బేలర్ పేరు పరిశీలనకే వచ్చేది కాదు. 1962 విలేకరులు ఆయన్ను మొదటి జట్టులో పెట్టారు. రసెల్ విషయంలో వాళ్లతో విభేదించినా ఇక్కడ వాళ్లకు దండం పెట్టాలి. రాబర్ట్‌సన్ 79 మ్యాచ్‌లు ఆడాడు కాబట్టి మూడు. బేలర్ నాలుగు.

ఐదు జెర్రీ వెస్ట్. బేలర్ లేని రోజుల్లో లేకర్స్ భారం మోసింది ఆయనే, సగటు 30.8. ఫైనల్స్ మూడో మ్యాచ్ చివరి క్షణాల్లో సామ్ జోన్స్ లోపలికి వేసిన పాస్‌ను మధ్యలో అందుకుని, పరిగెత్తి, గంట మోగేలోగా బంతిని బాస్కెట్‌లో వేసి 117–115తో గెలిపించాడు. 31.1 సగటుతో కూడా పెటిట్‌ది ఆరో స్థానమే. ఆయన జట్టు సెయింట్ లూయిస్ హాక్స్ గెలిచింది 29 మ్యాచ్‌లు. పద్దెనిమిదే గెలిచిన షికాగో ప్యాకర్స్‌లో 31.6 సగటుతో ఆడిన బెల్లమీ ఏడు.