తెర వెనక గుండెదడ

ఎండాకాలం వస్తే మా పాకాల వైపు పల్లెల్లో భారతం మొదలవుతుంది. పద్దెనిమిది రోజుల పండగ. పగలు హరికథ, రాత్రి వీధినాటకం. అర్జునుడు తపస్సు మాను ఎక్కే రోజు ఒకటి, మట్టితో చేసిన దుర్యోధనుడు కూలే రోజు ఆఖరిది.

తొలిసారి వేషం కట్టినవాణ్ణి దగ్గర నుంచి చూడండి. ఇద్దరు పట్టుకున్న తెర వెనక నిలబడి, గజ్జెలు చప్పుడు కాకుండా మడమలు నేలకు అదిమిపెట్టుకుంటాడు. భుజకీర్తి సర్దుకునే నెపంతో వణికే చెయ్యి దాచుకుంటాడు. తన భయం ఊరందరికీ తెలిసిపోతోందని వాడి బెంగ. తెర తీశాక చాపల మీది జనానికి కనిపించేది మాత్రం అర్జునుడే.

అమెరికాలో సావిట్‌స్కీ, గిలోవిచ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు దీన్ని పరీక్షించి 2003లో ప్రచురించారు. ఉపన్యాసం ఇవ్వబోయేవాళ్లకు ‘మీ కంగారు మీరనుకున్నంత బయటపడదు’ అని ముందే చెబితే, వాళ్లు ఇంకా బాగా మాట్లాడారు. తొలిసారి వేషం కట్టే కుర్రాడి చెవిన వేయాల్సిన మాట ఇది.

అయితే భయం కనిపించనప్పుడు దుఃఖం మాత్రం దానంతటది ఎలా కనిపిస్తుంది? అభిమన్యుడు పడిన రాత్రి వేషగాడు నిజంగానే కుమిలిపోతాడు, పద్యం గొంతులోనే మింగేస్తాడు. నేర్పే పెద్దాయన ఊరుకోడు. “కడుపులో ఏడిస్తే ఏం లాభం నాయనా? ఆ చివర కూచున్న అవ్వకు తెలియాల గదా!” అవ్వకు తెలియాలంటే గొంతెత్తాలి, చెయ్యి చాచాలి. భరతముని చెప్పిన ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్త్వికం నాలుగూ లోపలిదాన్ని బయటికి చేర్చే దారులే.

స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో 1990లో ఎలిజబెత్ న్యూటన్ అనే పరిశోధకురాలు కొందరిచేత తెలిసిన పాటలకు బల్ల మీద దరువు వేయించింది. వినేవాళ్లు సగం పాటలైనా గుర్తుపడతారని వేసినవాళ్ల నమ్మకం. 120 పాటల్లో గుర్తుపట్టినవి 3. దరువు వేసేవాడి చెవుల్లో పాటంతా మోగుతోంది, ఎదుటివాడికి అందింది బల్ల చప్పుడే.

ఇళ్లల్లో జరుగుతున్నదీ ఇదే. “ఇన్నేళ్లు కాపురం చేసి ఆ మాత్రం తెలీదా?” అని అలుగుతాం. పాకాల జంక్షన్‌లో కొడుకును రైలెక్కించే తండ్రి, కిటికీలోంచి నీళ్ల సీసా అందించి “జాగ్రత్త” అంటాడు. తన ప్రేమంతా అందులో వినిపించిందనుకుంటాడు. పిల్లవాడు విన్నది జాగ్రత్తే. రైలు కదిలేలోపు ఆయన ఇంకొక్క మాట నోరు తెరిచి అనాలని నా కోరిక: “నువ్వు లేకపోతే ఇల్లు బోసిగా ఉంటాది నాయనా.”