సామాజిక సంబంధాలు, ఇంటర్నెట్ సంభాషణ: విద్యార్థి పరిశోధనలపై ఒక విమర్శ

సామాజిక సంబంధాలపై ఇంటర్నెట్ ప్రభావం అనే అంశం మన విద్యార్థులకు ఎంతో ఇష్టమైనది. అంశం మంచిదే. అయితే మేము చదివిన పరిశోధనా పత్రాలలో అధికభాగం ఒకే దారిన నడుస్తాయి. మొదటి అధ్యాయంలో ఇంటర్నెట్ చరిత్ర, రెండవదానిలో 1998 నాటి పిట్స్‌బర్గ్ అధ్యయనం, మూడవదానిలో ప్రశ్నావళి, చివరకు మనుష్యులు ఒంటరివారవుతున్నారన్న నిర్ణయం. ప్రశ్నావళి పంచకముందే ఆ నిర్ణయం సిద్ధంగా ఉన్నదని చదివేవారికి తెలిసిపోతుంది. ఇక్కడ మేము రెండవ అధ్యాయాన్నే ముఖ్యంగా పరిశీలిస్తున్నాము. తక్కిన పొరపాట్లు చాలావరకు అక్కడే మొదలవుతున్నవి.

కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయానికి చెందిన రాబర్ట్ క్రౌట్, ఆయన సహచరులు 1995, 1996 సంవత్సరాలలో పిట్స్‌బర్గ్‌లోని కొన్ని కుటుంబాలకు కంప్యూటరు, ఫోను లైను, ఇంటర్నెట్ సౌకర్యం ఇచ్చి, ఒకటి రెండేళ్లు వారిని గమనించారు. 73 కుటుంబాలకు చెందిన 169 మంది వివరాలను విశ్లేషించి, ఇంటర్నెట్ ఎక్కువగా వాడినవారిలో ఇంటివారితో మాటలు, స్నేహితుల సంఖ్య కొంత తగ్గినవనీ, ఒంటరితనం, మానసిక కుంగుబాటు కొంత పెరిగినవనీ 1998లో ప్రకటించారు. ఈ "కొంత" అన్న మాట మన విద్యార్థుల పత్రాలలోకి వచ్చేసరికి మాయమవుతుంది.

పరిశోధనకు ఎవరిని ఎన్నుకున్నారో కూడా వీరు చెప్పరు. ఉన్నత పాఠశాలల్లో పత్రికా రచన నేర్చుకుంటున్న పిల్లల కుటుంబాలు కొన్ని, స్థానిక అభివృద్ధి సంస్థల పాలకవర్గాలలో ఉన్నవారి కుటుంబాలు కొన్ని. అంటే ఊరిలో పదిమందితో అప్పటికే మెలగుతున్నవారు. పైగా ఆ రోజుల్లో వీరి బంధుమిత్రులలో చాలామందికి ఇంటర్నెట్ లేదు. ఈమెయిలు చేతిలో ఉన్నా, అవతల అందుకునే పిన్నిగాని, పక్కింటివాడుగాని లేనప్పుడు అది ఎవరితో మాట కలపగలదు?

ఇంతకన్న ముఖ్యమైన సంగతి, అదే బృందం 2002లో తమ మాటను తామే సవరించుకున్నది. మొదటివారిలో 208 మందిని మరికొంతకాలం గమనించగా ఆ చెడు ప్రభావాలు చాలావరకు కనుమరుగైనవి. కొత్తగా కంప్యూటరు లేదా టెలివిజను కొన్న 406 మందిని వేరుగా పరిశీలించగా మొత్తంమీద మేలే ఎక్కువగా కనిపించింది. అయితే అందరికీ ఒకే రీతిగా కాదు. కలుపుగోలుతనం, అండగా నిలిచేవారు ఉన్నవారు లాభపడ్డారు. బిడియస్తులకు, ఆసరా లేనివారికి ఫలితాలు అంత బాగా లేవు. ఉన్నవానికే మరింత కలిగినదన్నమాట. బలహీనులను పరామర్శించవలసిన సేవకు సిద్ధపడే విద్యార్థికి ఇంతకన్న అవసరమైన ఫలితం ఏముంటుంది? అయినా 2002 నాటి వ్యాసాన్ని తెరచి చూసిన పత్రం మాకు అరుదుగా తగిలింది. కారణం ఊహించడం కష్టం కాదు. పాత పత్రంనుండి కొత్త పత్రంలోకి ఎత్తి రాయడం అలవాటైపోయింది. క్రౌట్ పేరులోని ఒక అక్షరదోషం సైతం వరుసగా మూడు పత్రాలలో భద్రంగా ప్రయాణించింది.

ప్రశ్నావళిలో సాధారణంగా అడిగేది రోజుకు ఎన్ని గంటలు అని. కడప ప్రాంతంనుండో గోదావరి జిల్లాలనుండో తల్లి కువైట్‌కు ఇంటిపనికి వెళ్లిన విద్యార్థి, రాత్రి గంటసేపు వీడియో కాల్‌లో ఆమెతో మాట్లాడితే అది ఒక గంట. పక్క మంచం మీది మిత్రుడు సినిమా ముక్కలు చూస్తూ గడిపినదీ ఒక గంటే. పట్టికలో ఇద్దరూ ఒకే గడిలో కూర్చుంటారు. మొదటివానికి ఆ గంట తీసివేస్తే కుటుంబమే మిగలదు. ఇక "ఇంటర్నెట్ వలన మీ కుటుంబ బంధాలు దెబ్బతిన్నవా?" అని ఒకే హాస్టల్‌లో ఉండే మిత్రుని అడిగితే, ఏ జవాబు రాస్తే అడిగినవాడు సంతోషిస్తాడో అతనికి తెలియదా?

మనుష్యులను సంఖ్యలుగానే చూసే ఈ అలవాటు మరొకచోట హానికరంగా పరిణమిస్తున్నది. ఈమధ్య మేము పరీక్షించిన ఒక పత్రం తక్కినవాటికన్న శ్రద్ధగా రాసినదే. అందులో ఒక వాట్సాప్ ప్రార్థనా బృందపు సందేశాలను అనుబంధంగా చేర్చారు. పేర్లు కొట్టివేశారు, నిజమే. కాని ఊరి పేరు, జబ్బు పేరు, భర్త తాగుడు, కూతురి పెళ్లి చెడిన తేదీ అన్నీ ఉన్నవి. ఆ ఊరివారు ఎవరు చదివినా ఆ స్త్రీని గుర్తుపడతారు. అనుమతి తీసుకున్నావా అని వైవాలో అడిగితే, తానూ ఆ బృందంలో సభ్యుడనేనని విద్యార్థి జవాబిచ్చాడు. ఆమె ఆ మాటలు చెప్పినది తోటి విశ్వాసికే గాని పరిశోధకునికి కాదని అతనికి తోచలేదు. తప్పు అతనిదొక్కనిదే అనలేము. అంతకుముందు ఆ పత్రాన్ని చదివి సంతకం చేసిన పెద్దలకూ, వారిలో ఉన్న మాకూ తోచలేదు. గ్రంథాలయానికి చేరిన ప్రతిలో ఆ నాలుగు పేజీలు లేవు. ఆమెకు ఈ సంగతి చెప్పడానికి విద్యార్థితోపాటు మాలో ఒకరు ఆ ఊరు వెళ్లివచ్చారు.