పెట్టె పోయిన రోజుకు చోటు

మూడు స్టోరేజ్ పెట్టెలు, ఒక్కోదాంట్లో 4 టీబీ, మొత్తం 12. ప్రతి ముక్కకూ రెండు కాపీలు ఉంచుతాం కాబట్టి అందులో సగం, 6 టీబీ, వాడుకోవచ్చు. మా టీమ్‌లో కొత్తగా చేరిన పిల్లలు చేసే లెక్క ఇదే. డబ్బు మంజూరు చేసేవాళ్ల లెక్కా ఇదే. డిస్కులను గ్రూపులుగా కలిపి డేటాబేసులకు చోటిచ్చే ఒరాకిల్ ఏఎస్ఎమ్ మాత్రం 4 టీబీ అని చూపిస్తుంది.

"అన్నా, మిగతా రెండు ఎటు పోయినయ్?" అని అడుగుతారు. ఎటూ పోలేదు. ఒక పెట్టె మొత్తంగా చెడిపోతే, అందులోని కాపీలను మిగిలిన రెండు పెట్టెల్లో మళ్లీ తయారు చెయ్యాలి. దానికి జాగా కావాలి. అందుకే 12లో ముందు 4 పక్కనపెట్టి, మిగిలిన 8ని రెండుతో భాగిస్తుంది.

వాడుకోదగ్గ ఆ 4 టీబీ దాటి నింపినా ఏఎస్ఎమ్ అడ్డుచెప్పదు. వాడుకోదగ్గ చోటు చూపించే అంకె మైనస్‌లోకి దిగుతుంది, డేటాబేసులు మామూలుగానే నడుస్తుంటాయి. నాకు భయం వేసేది అక్కడే. ఆ స్థితిలో పెట్టె పోతే డేటా ఉంటుంది కానీ కొంత భాగానికి ఒక్క కాపీయే మిగులుతుంది. రెండోది రాయడానికి చోటుండదు. ఆ ఒంటరి కాపీ ఉన్న డిస్కు కూడా పోయిందా, ఆ డిస్క్ గ్రూపు మొత్తం దిగిపోతుంది.

ముంబై చాల్‌లో పెరిగినవాళ్లకు ఈ లెక్క విడమరిచి చెప్పనక్కర్లేదు. వర్లీలోని బీడీడీ చాల్‌లు 1920లలో కట్టినవి, ఒక్కో ఖోలీ, అంటే గది, 160 చదరపు అడుగులు. వాటి స్థానంలో కట్టిన కొత్త టవర్లలో 500 చదరపు అడుగుల ఇళ్లు మొదటి విడతగా 556 కుటుంబాలకు 2025 ఆగస్టులో అందాయి. అవి కట్టాలంటే పాతవి కూల్చాలి. కూల్చాలంటే అందులోని మనుషులను ముందు ఎక్కడికో పంపాలి. ఇప్పుడు కామాటిపురా వంతు. ఈ నగరాన్ని రాళ్లు మోసి కట్టిన తెలుగు కామాటీల పేరు మోస్తున్న పేట ఇది. నంబర్ల గల్లీల్లో మన పెద్దమ్మలు కొత్త ఇంటి కొలతల కంటే ముందు అడిగేది వేరు: "కట్టేదాకా మమ్మల్ని ఏడ పెడతరు?" ట్రాన్సిట్ క్యాంపుల్లో ఏళ్లకేళ్లు ఉండిపోయిన కుటుంబాలను చూసినవాళ్ల ప్రశ్న అది. నా దృష్టిలో డిస్క్ గ్రూపు ప్లానింగ్‌కు అంతకంటే మంచి మొదటి ప్రశ్న లేదు.

రెండో ప్రశ్న, గ్రూపులు ఎన్ని? అప్లికేషన్‌కొకటి చేసుకుంటూ పోతే ప్రతి గ్రూపులోనూ కొంత చోటు ఇరుక్కుపోతుంది. పక్క గ్రూపు నిండిపోతున్నా ఇది దానికి అక్కరకు రాదు. పైగా పెట్టె పోయే రోజు కోసం ప్రతి గ్రూపూ విడిగా చోటు దాచుకోవాలి. ఏఎస్ఎమ్‌లో ఒకప్పుడు 63 గ్రూపులే పరిమితి. 12సీ వెర్షన్ నుంచి 511 దాకా పెంచారు. ఆ సౌకర్యం చూసి చీల్చుకుంటూ పోవడం నాకు నచ్చదు. అలాగని అన్నీ ఒక్కదాంట్లో వేస్తే, అది దిగిపోయిన రోజున అన్నీ ఒకేసారి ఆగుతాయి.

నేను చూసేది సైజు కాదు, ఏవి కలిసి లేవాలి అన్నది. డేటాబేసు ఒక గ్రూపులో, దాని బ్యాకప్పులు, ఆర్కైవ్ లాగ్‌లు ఇంకో గ్రూపులో. ఈ రెండింటి విషయంలో రాజీపడను. వెరిటాస్ వాల్యూమ్ మేనేజర్‌లో పనిచేసినవాళ్లకు ఇంకో సంగతి తెలుసు. అక్కడ ఒక సర్వర్ నుంచి గ్రూపును డిపోర్ట్ చేసి ఇంకోదాంట్లో ఇంపోర్ట్ చేస్తాం. మామూలుగా గ్రూపంతా కలిసే కదులుతుంది. సంబంధంలేని రెండు అప్లికేషన్లను అందులో కలిపితే ఒకదాని ఫెయిలోవర్ రెండోదాన్నీ లాక్కుపోతుంది.

ఇక డిస్కులు. గ్రూపులో అన్నీ ఒకే సైజువి ఉండాలి. ఏఎస్ఎమ్ డిస్కు సైజును బట్టి డేటా పంచుతుంది కాబట్టి పెద్ద డిస్కు మీద రాసే, చదివే పని ఎక్కువ పడుతుంది. చోటు పెంచేటప్పుడు మూడు పెట్టెల్లోనూ సమానంగా చేర్చాలి.

కొనుగోలు కాగితంలో నేను పక్కనపెట్టిన ఆ 4 టీబీని "పెట్టె పోయిన రోజుకు" అని విడిగా రాస్తాను. బడ్జెట్ తగ్గించేటప్పుడు అందరి కన్నూ మొదట ఆ వరస మీదే పడుతుంది. తగ్గించక తప్పకపోతే పాత నివేదికల డేటాను టేపులకు పంపుదాం, టెస్ట్ కాపీలు తీసేద్దాం అంటాను. ఆ వరసను మాత్రం కొట్టేయనివ్వను.