చిగురంచున ఆగిన పనితనం

పళ్లు తెల్లబరుచుకుందామని డెంటిస్టు దగ్గరికి వెళ్లినవాళ్లు ఎక్కువగా మందు గురించే అడుగుతారు. ఎంత శాతం, ఎన్ని రోజులు, ఎంత ఖర్చు? ఆ మందును పళ్ల మీద నిలిపి ఉంచే ట్రే గురించి అడిగేవాళ్లు తక్కువ. అడగాలనిపించే వస్తువులా అది కనిపించదు మరి. మిల్లీమీటరు మందం కూడా ఉండని మెత్తటి పారదర్శకమైన ప్లాస్టిక్ తొడుగు. పళ్లకు తొడుక్కుంటే ఎదుటివాళ్లు పోల్చుకోలేరు. కానీ ఇంట్లో రాత్రిపూట చేసుకునే పద్ధతిలో భద్రత సగం ఈ తొడుగు మీదే ఆధారపడి ఉంది. తక్కువ గాఢత ఉన్న మందు చేత పని చేయించేదీ, ఆ మందు చిగుళ్ల మీదికి పాకకుండా ఆపేదీ ఇదే. దీన్ని బాగా చేయడం ఒక విద్య. అది తెలిస్తే ఏ పద్ధతి మంచిదో, ఏ క్లినిక్ మంచిదో తేల్చుకోవడం సులువవుతుంది.

ముందు పంటి రంగు ఎక్కడ ఉంటుందో చూద్దాం. పంటి మీది ఎనామిల్ బరువులో 96 శాతం దాకా ఖనిజమే. దానికి సొంత రంగు తక్కువ, వెలుగును లోపలికి పోనిస్తుంది. పల్చటి ధోవతి కింద ఒంటిరంగు తెలిసినట్టు, దాని కిందనున్న డెంటిన్ పసుపు బయటికి కనిపిస్తుంది. వయసు పెరిగేకొద్దీ ఎనామిల్ అరిగి పల్చబడుతుంది, లోపల డెంటిన్ మందమవుతుంది. అందుకే పెద్దవాళ్ల పళ్లు ఎంత తోమినా పచ్చగానే ఉంటాయి. బొగ్గుపొడితోనో కచ్చికతోనో గట్టిగా రుద్దితే పైనున్న టీ, కిళ్లీ మరకలు కొంత వదులుతాయి. వాటితోపాటు ఎనామిల్ కూడా అరుగుతుంది, అప్పుడు కిందనున్న పసుపు ఇంకాస్త బయటపడుతుంది. నిమ్మరసం సంగతి మరీ అన్యాయం. ఆమ్లతను కొలిచే పీహెచ్ 5.5 కన్నా కిందికి దిగితేనే ఎనామిల్ కరగడం మొదలవుతుంది, నిమ్మరసమేమో 2, 3 మధ్య ఉంటుంది.

పెరాక్సైడ్ పద్ధతి వేరు. దాని అణువులు చిన్నవి. ఎనామిల్ గుండా డెంటిన్‌లోకి ఇంకి, అక్కడ రంగునిచ్చే సేంద్రియ అణువులను విడగొడతాయి. ఇక్కడ రుద్దే పని ఏమీ లేదు, కావలసిందల్లా సమయం. ఇంట్లో వాడటానికి ఎక్కువగా ఇచ్చేది 10 శాతం కార్బమైడ్ పెరాక్సైడ్. నోట్లో అది సుమారు 3.5 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌గా, మిగతాది యూరియాగా విడిపోతుంది. క్లినిక్ కుర్చీలో కూర్చోబెట్టి పూసేదాంట్లో 25 నుంచి 40 శాతం దాకా హైడ్రోజన్ పెరాక్సైడ్ ఉంటుంది. ఇంత తేడా ఉన్నా, రాత్రుళ్లు వాడే బలహీనమైన మందు కొన్ని వారాల్లో దాదాపు అదే ఫలితానికి చేరుతుంది. గాఢతలో తగ్గింది గంటల్లో కలిసివస్తుంది. ఆ గంటలను సంపాదించి పెట్టేది ట్రే.

ఈ సంగతి బయటపడింది కూడా అనుకోకుండానే. 1960ల చివర్లో అమెరికాలోని అర్కన్సాస్ రాష్ట్రంలో బిల్ క్లూస్మైర్ అనే ఆర్థోడాంటిస్టు, క్లిప్పులు తీసేశాక పళ్లు కుదురుకోవడానికి పెట్టుకునే పొజిషనర్‌లో గ్లై-ఆక్సైడ్ వేసుకోమని పేషెంట్లకు చెప్పాడు. అది ఇదే కార్బమైడ్ పెరాక్సైడ్ ఉన్న, నోటి పుండ్లకు వాడే మందు. చిగుళ్ల వాపు తగ్గాలన్నది ఆయన ఉద్దేశం. చిగుళ్లు బాగుపడ్డాయి, దాంతోపాటు పళ్లూ తెల్లబడ్డాయి. నార్త్ కెరొలైనా విశ్వవిద్యాలయానికి చెందిన వాన్ హేవుడ్, హెరాల్డ్ హేమన్ 1989లో ఈ పద్ధతిని శాస్త్రీయంగా వివరించి ప్రచురించాక ప్రపంచమంతా వాడుకలోకి వచ్చింది. మందు పాతదే. పుక్కిలిస్తే నిమిషాల్లో ఉమ్మిలో కలిసిపోయే ఆ మందుకు పళ్ల మీద కదలకుండా ఉండే చోటు దొరకడమే కొత్త.

ఇక తయారీకి వద్దాం. మంచి డాక్టరు అచ్చు తీసేముందు నోరంతా చూస్తాడు. పుచ్చిన పళ్లు, పగుళ్లు, అంచు ఊడిన సిమెంటు ఉంటే ముందు వాటిని సరిచేయాలి. లేకపోతే మందు ఆ సందుల్లోంచి నేరుగా నరం దాకా పోతుంది. ఒక్క పన్ను మాత్రమే నల్లబడి ఉంటే ఎక్స్‌రే తీయాల్సిందే, లోపల నరం చనిపోయి ఉండవచ్చు. గార ఉంటే క్లీనింగ్ చేస్తారు. క్లీనింగ్‌తో పళ్లు కదులుతాయని మనవాళ్లలో ఒక భయం ఉంది. గార కింద ఎముక అప్పటికే తగ్గి ఉంటుంది, గార పోయాక ఆ సంగతి తెలుస్తుంది, అంతే. క్లీనింగ్ అయ్యాక పంటి రంగును విటా షేడ్ గైడ్‌తో సరిచూస్తారు. అందులో 16 నమూనా పళ్లు ఉంటాయి. సరిపోయిన నమూనాను పంటి పక్కన పెట్టి ఫొటో తీస్తారు. రోజూ అద్దంలో చూసుకునే కన్ను మొదటి రంగును ఇట్టే మరిచిపోతుంది, ఫొటో మరిచిపోదు.

అచ్చు తీసేది ఆల్జినేట్‌తో. సముద్రపు నాచు నుంచి వచ్చే పొడి ఇది. నీళ్లు చల్లగా ఉంటే నెమ్మదిగా, వెచ్చగా ఉంటే త్వరగా గడ్డకడుతుంది. చేయి తిరిగినవాళ్లు ముద్దను గిన్నె గోడకేసి అదిమి కలుపుతారు, గాలి బుడగలు అక్కడే చితికిపోతాయి. పై పళ్ల అచ్చుకు, ముద్ద నింపిన చట్రాన్ని మొదట వెనకభాగంలో ఆనించి తరవాత ముందుకు నొక్కుతారు, మిగిలిన ముద్ద గొంతులోకి జారకుండా పెదవి వైపు వస్తుంది. పేషెంటును కాస్త ముందుకు వంగి ముక్కుతో ఊపిరి పీల్చమంటారు. గట్టిపడ్డాక మెల్లగా కదిలిస్తూ తీయకూడదు. ఒక్క ఊపున లాగాలి. ఆల్జినేట్ హఠాత్తుగా లాగినప్పుడు తట్టుకుంటుంది, నిదానంగా లాగితే చిరుగుతుంది.

ఆ తరవాత అసలు పరుగు మొదలవుతుంది. ఆల్జినేట్‌లోని నీరు ఆరేకొద్దీ అచ్చు కుంచించుకుపోతుంది. అందుకే తడి గుడ్డలో చుట్టి వీలైనంత త్వరగా జిప్సంతో చేసిన డెంటల్ స్టోన్ పోస్తారు. వణికే బల్ల మీద పెట్టి ఒక చివర నుంచి కొద్దికొద్దిగా వదిలితే, ఆ ముద్ద ఒక్కో పంటి గుంటలోకి దిగుతూ ముందున్న గాలిని తోసుకుపోతుంది. తొందరపడి ఒకేసారి పోస్తే గాలి చిక్కుకుని పంటి కొన దగ్గర గుంట మిగులుతుంది. ఆల్జినేట్‌లోనే బుడగ ఉండి ఉంటే రాతి పంటి మీద బొడిపె లేస్తుంది. చూసినవాడు చిన్న కత్తితో దాన్ని గీకేస్తాడు. చూడనివాడి ట్రే అక్కడ వదులవుతుంది, మందు కారిపోయేది అక్కడినుంచే.

రాతి నమూనాను గుర్రపు లాడం ఆకారంలో చెక్కి, అంగిలి భాగాన్ని పూర్తిగా తీసేస్తారు. ఆపైన మెషీన్ గాలిని నలువైపుల నుంచీ సమంగా లాగాలంటే మధ్యలో అడ్డు ఉండకూడదు. కొందరు పళ్ల ముందుభాగం మీద అర మిల్లీమీటరు మందాన ఒక రెజిన్ పూత వేసి లైటుతో గట్టిపరుస్తారు, చిగురుకు మిల్లీమీటరు ముందే ఆపేస్తారు. ట్రే తయారయ్యాక పూత ఉన్నచోట మందు నిలిచే అర ఏర్పడుతుంది. అర ఉన్నా లేకున్నా తెల్లదనంలో చెప్పుకోదగ్గ తేడా లేదని పరిశోధనలు చెబుతున్నాయి. కానీ బిగుతైన ట్రే కొన్ని పళ్లను నొక్కి నొప్పి పెడుతుంది, అలాంటి నోళ్లకు ఈ కాస్త ఖాళీ హాయినిస్తుంది. అవసరం లేనిచోట అర వేయకపోవడం కూడా పనితనమే.

తరవాత వ్యాక్యూమ్ మెషీన్. పైన హీటరు, కింద రంధ్రాల పళ్లెం మీద నమూనా, మధ్యలో చట్రానికి బిగించిన ఈవీఏ ప్లాస్టిక్ షీటు. వేడికి షీటు మెత్తబడి మధ్యలో కిందికి సాగడం మొదలుపెడుతుంది. చాలినంత సాగకముందే దించితే పళ్ల సందుల్లోకి దిగదు. మరీ సాగితే పల్చబడి ముడతలు పడుతుంది. సుమారు అంగుళం మేర వేలాడిన క్షణాన పంపు వేసి, షీటును నమూనా మీదికి దించుతారు. మెషీన్ చేసేది వేడి చేయడం, గాలి లాగడం. ఎప్పుడు దించాలో చెప్పేది టెక్నీషియన్ కన్ను. పూర్తిగా చల్లారేదాకా తీయరు. వేడిగా ఉండగా లాగితే ఆకారం మారిపోతుంది.

నాకు అన్నిటికన్నా ముచ్చటగొలిపే పని చివరిది, అంచు కత్తిరించడం. ఇక్కడ రెండు పద్ధతులున్నాయి. ఒకదాంట్లో చిన్న వంపు కత్తెరతో ప్రతి పంటి చుట్టూ చిగురు గీతను అనుసరిస్తూ, దానికి అర మిల్లీమీటరు లోపలే ఆగుతారు. పంటి పంటికీ వంపు మారుతుంది. రెండు పళ్ల మధ్య చిగురు మొనదేలిన చోట కత్తెర కూడా అలాగే మొన తిరగాలి. గాఢమైన మందు వాడేవారికి ఇదే మేలు, ప్లాస్టిక్ చిగురును తాకదు. రెండో పద్ధతిలో చిగురు మీదికి ఒకటి రెండు మిల్లీమీటర్లు పోనిచ్చి తిన్నగా కత్తిరిస్తారు. మందు గట్టిగా నిలుస్తుంది, నాలుకకూ పెదవికీ గుచ్చుకోదు. 10 శాతం జిగురు మందుకు ఇది చాలు. ఏది చేసినా అంచును సన్నటి మంటకు ఒక్క క్షణం చూపి, తడి వేలితో అదిమి నున్నగా చేస్తారు. ఈ ఒక్క క్షణాన్ని తప్పించేసిన ట్రేలు వారం తిరిగేసరికి పెదవి లోపల గీతలు పెడతాయి.

ఇంత శ్రద్ధగా చేసిన ట్రేకి మందు చాలా తక్కువ పడుతుంది. ఒక్కో పంటి ముందుభాగాన బియ్యపుగింజంత చాలు. ట్రేలో పెట్టిన కార్బమైడ్ పెరాక్సైడ్ రెండు గంటల తరవాత కూడా సగానికి పైగా పనిచేస్తూనే ఉంటుంది, పది గంటలకు పదో వంతు మిగులుతుంది. రాత్రి నిద్రకు సరిపోయే లెక్క. మామూలు పసుపుకు రెండు నుంచి ఆరు వారాలు, పొగాకు మరకలకు మూడు నెలల దాకా, చిన్నప్పుడు టెట్రాసైక్లిన్ వాడినందువల్ల వచ్చిన బూడిద రంగుకు ఆరు నెలలూ అంతకు మించీ పట్టవచ్చు. పళ్లు జివ్వుమంటే అదే ట్రేలో పొటాషియం నైట్రేట్ ఉన్న జెల్ వేసి 10 నుంచి 30 నిమిషాలు పెట్టుకోవచ్చు, ఒకటి రెండు రాత్రులు మందు మానేయవచ్చు. నొప్పి పుట్టించిన తొడుగే మందుగానూ పనికిరావడం ఈ వస్తువులోని మరో సొగసు.

దీని హద్దులూ చెప్పుకోవాలి. క్యాపులు, సిమెంటు తెల్లబడవు. ముందుపళ్లలో అవి ఉన్నవారు, తెల్లబరచడం పూర్తయి రెండు వారాలు గడిచాక కొత్త రంగుకు తగ్గట్టు మార్పించుకోవాలి. అంతకన్నా ముందు వేస్తే పంటిలో మిగిలిన ఆక్సిజన్ వల్ల కొత్త సిమెంటు సరిగా అంటుకోదు. మన నల్గొండ, ప్రకాశం జిల్లాల్లో పుట్టి పెరిగినవారికి ఇంకో ప్రశ్న ఉంటుంది. ఫ్లోరైడ్ నీటి మచ్చలు పోతాయా? అప్పటి నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్‌ను వైద్యులు 1937లోనే నమోదు చేశారు. ఆ పళ్ల మీది గోధుమ మరకలు ట్రేకి బాగానే లొంగుతాయి. సున్నపు తెలుపు మచ్చలు మాత్రం పోవు, మొదటి రోజుల్లో ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. చుట్టూ ఉన్న పన్ను తెల్లబడ్డాక తేడా తగ్గుతుంది. మిగిలినవాటికి పైపొరను సున్నితంగా అరగదీసే మైక్రో అబ్రేషన్, రెజిన్ నింపడం వంటివి ఉన్నాయి.

క్లినిక్‌లో ఒక్క పూటలో చేసే పద్ధతినీ తీసిపారేయనక్కర్లేదు. అక్కడి పనితనం చిగుళ్ల మీద పూసి గట్టిపరిచే రెజిన్ కట్టలో ఉంటుంది. పైనుంచి వేసే నీలి లైటు వల్ల అదనంగా నిలిచే లాభం ఉందనడానికి గట్టి ఆధారాలు లేవు. దుకాణంలో కొని వేడినీళ్లలో ముంచి కొరికి పెట్టుకునే ట్రేలలో అంచు ఎక్కడ ఆగాలో ఎవరూ చూడరు, మందు చిగుళ్ల మీదికీ గొంతులోకీ పోతుంది. యూరప్‌లో 2012 నుంచి 0.1 శాతానికి మించి 6 శాతం దాకా హైడ్రోజన్ పెరాక్సైడ్ ఉన్నవాటిని డెంటిస్టులకే అమ్మాలి, మొదటిసారి వాడకం వాళ్ల పర్యవేక్షణలోనే జరగాలి, 18 ఏళ్లలోపువారికి వాడకూడదు. ఆ చట్టం అక్కడిదే అయినా, ఆ హద్దులు మనమూ పాటించదగ్గవే. గర్భిణులు, పాలిచ్చే తల్లులు కొన్నాళ్లు ఆగితే పోయేదేమీ లేదు.

మీ ట్రే చేతికొచ్చినప్పుడు వెలుగుకు ఎత్తి చూడండి. ముడతలు, బుడగలు ఉండకూడదు. అంచు చుట్టూ వేలు తిప్పండి, ఎక్కడా గీరుకోకూడదు. పెట్టుకుని అద్దం ముందు నిలబడండి. ఒకవైపు నొక్కితే రెండోవైపు లేవకూడదు, అంచు కింద చిగురు నొక్కుకుని పాలిపోకూడదు. మందు వేశాక పొంగి బయటికి వస్తే వేలితోనో మెత్తటి బ్రష్‌తోనో తుడిచి, మరునాడు తగ్గించండి. ఇవి బాగుంటే అదే ట్రే ఏళ్ల తరబడి పనికొస్తుంది, రంగు మళ్లీ తగ్గినప్పుడు కొన్ని రాత్రులు వాడితే చాలు. రాతి నమూనాను కూడా అడిగి దాచుకోండి. ట్రే చిరిగినా, పళ్లలో మార్పు లేకపోతే మళ్లీ అచ్చు తీయనక్కర్లేదు. కాబట్టి క్లినిక్ ఎంచుకునేటప్పుడు మందు శాతంతోపాటు ట్రే ఎవరు చేస్తారో, అంచు ఎలా కత్తిరిస్తారో కూడా అడగండి. ఆ ప్రశ్నకు ఉత్సాహపడి, ఒక నమూనా తెచ్చి మీ చేతికిచ్చి చూపించే డాక్టరు దొరికితే ఎంపిక చాలావరకు అయిపోయినట్టే.