ముఖపరిచయం నుంచి పూచీకత్తు దాకా: మాంద్యకాలపు ఉద్యోగసంబంధాలపై ఒక విమర్శ

వ్యాససంగ్రహం: ఉద్యోగాలు కరువైనప్పుడల్లా "పరిచయాలు పెంచుకోండి" అన్న సలహా వినిపిస్తుంది. ఈ సలహాకు శాస్త్రీయమైన ఆధారంగా మార్క్ గ్రానోవెటర్ ప్రతిపాదించిన "బలహీన బంధాల బలం" సిద్ధాంతాన్ని చూపుతారు. తెలుగు పదజాలం, తూర్పు హైదరాబాదు ఉపాధి చరిత్ర, షియాంగ్ బియావ్ పరిశోధన ఆధారంగా ఆ సిద్ధాంతం పరిధిని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. మాంద్యంలో కొరతపడేది సమాచారం కాదని, పూచీ అని ఇందులోని ప్రతిపాదన.

కీలకపదాలు: ముఖపరిచయం, పలుకుబడి, పరపతి, పూచీ, రెఫరల్, ఆర్థికమాంద్యం, దమ్మాయిగూడ, ఉప్పల్.

1. ఉపోద్ఘాతం

దమ్మాయిగూడ మేడ్చల్–మల్కాజిగిరి జిల్లా కీసర మండలానికి చెందిన ఊరు. పంచాయతీగా ఉండి, నగరం విస్తరించే కొద్దీ పురపాలక సంఘమైంది. అక్కడి నుంచి దక్షిణంగా వస్తే ఇ.సి.ఐ.ఎల్. చౌరస్తా, కుషాయిగూడ, మల్లాపూర్, నాచారం దాటి ఉప్పల్ చేరవచ్చు. ఈ దారి వెంట, దానికి ఇరుపక్కలా రెండు తరాల ఉపాధి కనిపిస్తుంది. 1967లో ఏర్పడిన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్, చర్లపల్లి, నాచారం పారిశ్రామికవాడలు ఒక తరానివి. ఉప్పల్‌లోని, ఘట్‌కేసర్ దారిలో పోచారంలోని ఐటీ ప్రాంగణాలు మరో తరానివి. తండ్రి కర్మాగారంలో, కూతురు సాఫ్ట్‌వేర్ సంస్థలో పనిచేసిన కుటుంబాలు ఇక్కడ అరుదు కాదు. పరిచయాల ద్వారా ఉద్యోగం దొరకడం అనే విషయం ఈ రెండు తరాలకూ తెలిసినదే. అయితే మాంద్యం వచ్చినప్పుడు ఆ పరిచయాలు ఏ మేరకు నిలుస్తాయి, ఎవరికి నిలుస్తాయి అన్నది అసలు ప్రశ్న.

2. గ్రానోవెటర్ ప్రతిపాదన, దాని పరిధి

1973లో "అమెరికన్ జర్నల్ ఆఫ్ సోషియాలజీ"లో వెలువడిన వ్యాసంలో గ్రానోవెటర్ ఒక విశేషాన్ని చూపాడు. బోస్టన్ సమీపంలోని న్యూటన్ పట్టణంలో ఉద్యోగం మారినవారిని విచారించగా, పరిచయస్థుల ద్వారా ఉద్యోగం పొందినవారిలో 16.7 శాతం మంది మాత్రమే ఆ పరిచయస్థుణ్ణి తరచు కలుస్తున్నవారు. 55.6 శాతం మంది అప్పుడప్పుడు, 27.8 శాతం మంది అరుదుగా కలిసేవారు. దీనికి ఆయన చెప్పిన కారణం సరళమైనది. ఆప్తులకు తెలిసింది మనకూ తెలిసే ఉంటుంది. కొత్త కబురు రావాలంటే వేరే వలయంలో తిరిగేవాడి నుంచే రావాలి.

2022లో "సైన్స్" పత్రికలో ప్రచురితమైన మరో అధ్యయనం లింక్డ్‌ఇన్‌లోని రెండు కోట్ల మంది సభ్యుల సమాచారంతో ఈ సిద్ధాంతాన్ని పరీక్షించింది. మరీ బలహీనమైనవి కాక, ఒక మోస్తరు బలహీనమైన బంధాలు ఉద్యోగం మారడానికి ఎక్కువగా తోడ్పడుతున్నాయని తేల్చింది. డిజిటల్ సాంకేతికత ఎక్కువగా ఉన్న రంగాల్లో బలహీన బంధాలు, తక్కువగా ఉన్న రంగాల్లో బలమైన బంధాలు ఉపకరిస్తున్నాయని కూడా చెప్పింది. పోచారానికి, నాచారానికి ఒకే సూత్రం వర్తించదని ఈ ఒక్క ఫలితమే సూచిస్తుంది.

ఈ రెండు అధ్యయనాలకూ ఒక సమానమైన పరిమితి ఉంది. న్యూటన్‌లో విచారించినది వృత్తినిపుణులను, సాంకేతిక, నిర్వాహక ఉద్యోగులను. అదీ కొత్త ఉద్యోగంలో కుదురుకున్నవారిని. లింక్డ్‌ఇన్ సమాచారం 2015–2019 మధ్య కాలానిది. కోవిడ్ విపత్తుకు ముందుది. ఉద్యోగం పోయి, మరొకటి దొరకనివారి అనుభవం ఈ లెక్కల్లో కేంద్రస్థానంలో లేదు. అభద్రతలో ఉన్నవారు, పేదలు బలమైన బంధాలపైనే ఎక్కువగా ఆధారపడతారని గ్రానోవెటర్ స్వయంగా 1983లో గుర్తించాడు. చైనాలోని తియాంజిన్ నగరాన్ని అధ్యయనం చేసిన యాంజీ బియాన్ 1997లో మరో అడుగు వేశాడు. సమాచారం వేరు, పలుకుబడి వేరు, రెండవది బలమైన బంధాల గుండానే ప్రవహిస్తుంది అన్నాడు. ఈ విభజన విలువైనదే కాని, మాంద్యాన్ని వివరించడానికి ఇంకొక అంశం అవసరమవుతుంది. అది తెలుగు వ్యవహారంలోనే ఉంది.

3. మూడు పనులు, మూడు మాటలు

"నెట్‌వర్కింగ్" అన్న ఒక్క మాట కిందికి తెచ్చిన వ్యవహారాన్ని తెలుగు అనేక మాటలతో వేరు చేస్తుంది. చూసి పలకరించుకునేంత ఎరుక ముఖపరిచయం. దాని పని కబురు అందించడం. ఇది గ్రానోవెటర్ చెప్పిన బలహీన బంధమే. రెండవది పలుకుబడి. నుడికారాన్ని, ప్రాబల్యాన్ని ఒకే మాటతో చెప్పడం ఇక్కడ గమనార్హం. ఎవరి పలుకు చెల్లుతుందో వారికే పలుకుబడి ఉంటుంది. సిఫారసు, పైరవీ దాని వ్యక్తరూపాలు. సిఫారసు ఒక మాటతో ముగుస్తుంది, పైరవీ పని అయ్యేదాకా వెంట తిరుగుతుంది.

మూడవది పూచీ. పూచీ పడినవాడు అవతలివాడి తప్పుకు తాను జవాబు చెప్పాలి. న్యాయస్థానంలో పూచీకత్తు ఇచ్చినవాడి స్థితి ఇదే. పరపతి అన్న మాట ఈ సంబంధాన్ని మరింత స్పష్టం చేస్తుంది. వ్యవసాయ పరపతి సంఘం అన్నప్పుడు అది అప్పు. ఊళ్ళో పరపతి ఉన్న మనిషి అన్నప్పుడు అది ప్రభావం. అప్పు పుట్టడానికీ మాట చెల్లడానికీ కావలసింది ఒకటే, తిరిగి చెల్లించగలడన్న నమ్మకం.

మంచికాలంలో సంస్థకు కబురే కావలసినది. ఖాళీలు ఎక్కువ, మనుషులు తక్కువ. ఎంపికలో పొరపాటు జరిగినా మరొకరిని తీసుకోవచ్చు. అందుకే రెఫరల్ చేసిన ఉద్యోగికి సంస్థలు బహుమానం ఇస్తాయి. మాంద్యంలో ఈ సమీకరణం తిరగబడుతుంది. ఖాళీ ఉందన్న వార్త అందరికీ ఒకేసారి తెలుస్తుంది. వచ్చిన దరఖాస్తులు చదివే తీరిక ఉండదు. అప్పుడు కావలసింది "ఇతని సంగతి నాకు తెలుసు" అని నిలబడే మనిషి. కాని ఆ మనిషి కుర్చీ కూడా కదులుతూనే ఉంటుంది. తన పేరును ఎవరికోసం పణంగా పెట్టాలో అతడు ఆచితూచి నిర్ణయిస్తాడు. ఆ నిర్ణయంలో బంధువు, సొంత ఊరివాడు, సొంత కులంవాడు, ఒకే కళాశాలలో చదివినవాడు ముందుకు వస్తారు. పరిచయాల వలయం విశాలంగా ఉండవలసిన వేళకే అది కుదించుకుపోతుంది.

4. ఒకే వలయంలో కూలిన బంధాలు

మాంద్యంలో ఆప్తులందరూ ఒకేసారి పని కోల్పోతారు గనుక, బయటి వలయంతో ఉన్న బలహీన బంధాలే ఆదుకుంటాయన్న వాదం ఒకటి ఉంది. దీన్ని చర్లపల్లి ప్రాంతంలోని హిందుస్థాన్ కేబుల్స్ ఉదాహరణతో పరీక్షించవచ్చు. ఈ ప్రభుత్వరంగ సంస్థ టెలిఫోన్ కేబుళ్ళు తయారుచేసేది. మొబైల్ ఫోన్లు, ఆప్టికల్ ఫైబర్ విస్తరించడంతో రాగి కేబుళ్ళకు గిరాకీ పడిపోయింది. 2016లో సంస్థ మూసివేతకు కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. ఇది దేశవ్యాప్త మాంద్యం కాదు, ఒక రంగం పతనం. అయినా అందులో చిక్కుకున్న కార్మికుడికి తేడా లేదు. అతని నైపుణ్యాన్ని ఏళ్ళ తరబడి చూసినవారు అదే కర్మాగారంలోని తోటి కార్మికులు, ఫోర్‌మన్‌లు. వేరే పరిశ్రమలో ఉన్న ముఖపరిచయస్థుడు ఖాళీ ఉందని చెప్పగలడు. ఇతని పనితనం ఎలాంటిదో చెప్పలేడు. కబురు చెప్పగలవాడు పూచీ పడలేడు. పూచీ పడగలవాడు తానే రోడ్డున పడ్డాడు. బలహీన బంధాల సిద్ధాంతం ఈ ఎడాన్ని పట్టించుకోదు.

ఐటీ రంగం దీనికి అతీతం కాదు. 2008 సెప్టెంబరులో లేమన్ బ్రదర్స్ పతనమైంది. కొద్ది నెలలకే, 2009 జనవరి 7న, సత్యం కంప్యూటర్స్ అధిపతి రామలింగరాజు లెక్కల్లో మోసాన్ని అంగీకరించాడు. ఒకే సంస్థలోని సహోద్యోగులు ఒకే రోజున, అప్పటికే కుంచించుకుపోయిన ఒకే విపణి ముందు నిలబడవలసి వచ్చింది. పరిచయాలు ఎన్ని ఉన్నా అవన్నీ ఒకే ప్రమాదానికి లోబడి ఉంటే వాటి సంఖ్యకు విలువ లేదు.

5. నష్టం ఎవరి ఖాతాలో పడుతుంది?

పూచీ భారం ఎటు జారుతుందో చూపిన గ్రంథం షియాంగ్ బియావ్ రాసిన "గ్లోబల్ బాడీ షాపింగ్" (2007). హైదరాబాదు, సిడ్నీ నగరాల్లో తెలుగు ఐటీ ఉద్యోగుల మధ్య, డాట్‌కామ్ పతనం నాటి కాలంలో చేసిన క్షేత్రపరిశోధన దీనికి ఆధారం. బంధుత్వం, ఊరు, కులం వంటి సంబంధాల మీదుగా ఏజెంట్లు పనివారిని సమకూర్చుకోవడం, ప్రాజెక్టులు లేనప్పుడు వారిని జీతం లేకుండా "బెంచ్" మీద ఉంచడం, శిక్షణకూ ప్రయాణానికీ అయిన ఖర్చు వ్యవసాయ మిగులు నుంచి, కట్నం నుంచి రావడం అందులో చర్చకు వచ్చాయి. పరిచయం అవకాశాన్ని తెచ్చింది నిజమే. కాని విపణి ఒడిదుడుకుల నష్టాన్ని సంస్థల మీద నుంచి కుటుంబాల మీదికి దించినదీ ఆ పరిచయమే. ముఖ్యంగా, తన ప్రమేయం లేని విపణికి వధువు పుట్టినిల్లు పెట్టుబడి పెట్టింది.

పరిచయాలు లేనివారి సంగతి మరో పార్శ్వం. సుఖదేవ్ థోరాట్, పాల్ అటెవెల్ 2007లో ప్రచురించిన అధ్యయనంలో సమానమైన అర్హతలతో పంపిన దరఖాస్తులపై దళిత, ముస్లిం పేర్లుంటే పిలుపులు తగ్గాయని తేలింది. పేరు చూసి తిరస్కరించే చోట, పూచీ పడే మనిషి అవసరం మరింత ఎక్కువ. ఆ మనిషి దొరికే అవకాశం మరింత తక్కువ. బంధాలు ఎప్పుడూ మేలే చేస్తాయన్న నమ్మకాన్ని కైవాన్ మున్షీ, మార్క్ రోజెన్‌జ్వైగ్‌ల 2006 నాటి ముంబయి అధ్యయనం ప్రశ్నించింది. కులబంధాలు కింది కులాల మగపిల్లలను మరాఠీ మాధ్యమం వైపు, పాత శ్రామిక ఉద్యోగాల వైపు నడిపించగా, ఆ బంధాలలో చోటులేని ఆడపిల్లలు ఆంగ్ల మాధ్యమం ద్వారా కొత్త ఉద్యోగాల వైపు కదిలారు. పట్టుకున్న తీగ ఒక్కోసారి కట్టివేసే తాడు కూడా అవుతుంది.

6. ముగింపు

గ్రానోవెటర్ సిద్ధాంతం తప్పు కాదు, అసంపూర్ణం. కబురు ఎలా ప్రయాణిస్తుందో అది చెప్పింది. మాట ఎవరికి చెల్లుతుంది, నష్టానికి ఎవరు జవాబు చెబుతారు అన్నది దాని పరిధిలోకి రాలేదు. మాంద్యం ముందుకు తెచ్చేవి ఈ రెండు ప్రశ్నలే.

దీని ఫలితం విద్యాసంస్థలకు నేరుగా తగులుతుంది. కీసర, ఘట్‌కేసర్ మండలాల్లోని ఇంజినీరింగ్ కళాశాలల నుంచి ఏటా పట్టభద్రులు వస్తున్నారు. ఇంట్లో తొలిసారి చదువుకున్న విద్యార్థికి "పరిచయాలు పెంచుకో" అని చెప్పడం, లేని పరపతి మీద అప్పు తెచ్చుకొమ్మని చెప్పడమే అవుతుంది. బంధుత్వంతో, కులంతో నిమిత్తం లేకుండా, పనిని కళ్ళారా చూసి పూచీ పడగలిగే వ్యక్తి అతనికి చాలావరకు ఒక్కరే: పాఠం చెప్పిన అధ్యాపకుడు. కాని అందరికీ ఒకే నమూనాలో రాసి ఇచ్చే సిఫారసు లేఖలో సంతకం ఉంటుంది, పూచీ ఉండదు. ఈ విద్యార్థి ఏ పని చేశాడు, ఎక్కడ తడబడ్డాడు, ఎలా సరిదిద్దుకున్నాడు అని రాసిన లేఖకే ఆ విలువ వస్తుంది. అలా రాయాలంటే విద్యార్థి పని అధ్యాపకుడికి తెలిసి ఉండాలి. తరగతిలో విద్యార్థుల సంఖ్య, అధ్యాపకుడి ఉద్యోగభద్రత కూడా మాంద్యకాలపు ఉపాధి చర్చలో భాగం కావలసిన కారణం ఇదే. తన కుర్చీయే నిలకడగా లేని అధ్యాపకుడు మరొకరికి పూచీ పడటం కష్టం.